సాంతా మోనికా మఠము: క్రైస్తవ కళాప్రదర్శనశాల

మా కోరుకొండకు వచ్చు యాత్రికులు కొండయెక్కి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, ఆలయమునందలి ఱాతిపనిని కొంతసేపు చూచి, ఇది యే రాజునాటిదని తప్పక యడుగుదురు. 14వ శతాబ్దమున నిచ్చటినుండి యేలిన ముమ్మడినాయకుని పేరు చెప్పినంతనే వారికి తృప్తి గలుగును. ఉలి పట్టినవా రెవరని యడిగినవారిని మేమింతవఱకు చూడలేదు. మన దేశమున నెల్లెడల నున్న యాచార మిదియే కదా యని మేమును చాలకాలము దీనినిగూర్చి తలపోయలేదు. పాతగోవాలో నొక పూర్వపు కన్యామఠమున క్రైస్తవ కళావస్తువులను భద్రపఱచిన ప్రదర్శనశాలను చూచిన పిమ్మటనే యీ ప్రశ్న మమ్ము విడువక పట్టుకొన్నది. ఆ శాల చరిత్రమును, దానినుండి గోదావరీతీరవాసులు గ్రహింపదగిన దానిని నీ వ్యాసమున తెలుపుదుము.

పోర్చుగీసువారు 1510వ సంవత్సరమున అల్బుకర్కు నాయకత్వమున గోవాను జయించిరి. మాండవీనది యొడ్డున వారు పెంచిన పట్టణమే నేటి పాతగోవా. ఆ పట్టణపు పడమటివైపున మిట్టనేలకు వారు పవిత్రపర్వత మని పేరిడి, దానిపై మఠములను, ప్రార్థనామందిరములను నిర్మించుకొనిరి. అచ్చట నగస్టీను సాధువుల యాలయగోపుర మొకటి సగము కూలి నేటికిని నిలిచియున్నది. దాని కెదుటనే సాంతా మోనికా కన్యామఠ మున్నది. అగస్టీను మహర్షి తల్లి పేరు మోనికా. ఆమె పేరనే యీ మఠము వెలసినది.

1606వ సంవత్సరమున గోవా యగ్రపీఠాధిపతియగు అలెయిషు ద మెనేజిసు దీనికి శంకుస్థాపనము చేసెను. 1599లో కేరళదేశమున ఉదయంపేరూరు సభను నడపి, ప్రాచీన మార్తోమా క్రైస్తవులను రోమునకు లోబఱుపజూచిన వా డీతడే. కట్టడము 1627 నాటికి ముగిసెను. 1636లో నగ్నికి ఆహుతియై మరల లేచెను. మూడంతస్తులు, నడుమ చతురస్రమైన విశాలప్రాంగణము, ఎఱ్ఱని లాటరైటు ఱాతిగోడలు, గోడలు తూలకుండ వెలుపలినుండి యానించిన బలమైన కమానులు గల యీ మఠమును దూరమునుండి చూచినవారికి కోటయని భ్రమ కలుగును. తూర్పుదేశముల క్రైస్తవమఠములలో స్త్రీలకై కట్టిన తొలిదానినిగా దీనిని చరిత్రకారులు పేర్కొందురు.

ఇంత గట్టిగోడ యేల? అది లోపలివారిని కాపాడుటకా, బయటికి రానీయకుండుటకా? ఈ రెంటికిని ఆ కాలమువా రొక్కటే సమాధానము చెప్పియుందురు. గోవాలోని పోర్చుగీసు సరదారులు యుద్ధములలోను, సముద్రములోను, జ్వరములచేతను చచ్చుచుండిరి. వారి భార్యలు చిన్నవయసుననే విధవలగుచుండిరి. కుమార్తెలకు తగిన వరుని తేవలెనన్నచో కట్నము మోయలేనంత యగుచుండెను. ఇట్టి స్త్రీల నేమిచేయవలెనను ప్రశ్నకు నాటి ప్రభువులకును మతాధికారులకును తోచిన పరిహారము గోడయే. మఠములో చేరినవారిలో భక్తిచే స్వయముగా వచ్చినవారు లేకపోలేదు. కాని కట్నము కుదరక తండ్రులు చేర్చినవారును, భర్తలు పోయి వచ్చినవారును కలరు. మఠకన్యల సంఖ్య నూటికి మించరాదని రాజాజ్ఞ యుండెను. మఠకన్య యగుటకు పోర్చుగీసు రక్తము గలవారికే మొదటి తావు. దేశీయస్త్రీలలో ననేకులు సేవకురాండ్రుగనే లోపలికి పోయిరి. స్త్రీలతోడ వారి ధనమును మఠమునకే చేరుచున్నదని పట్టణసభవారు రాజునకు మొఱపెట్టుకొనిరి. మొఱ ధనమునుగూర్చి మాత్రమే. ఆ స్త్రీల మనస్సులనుగూర్చి కాదు.

ఈ కథ చదువుచుండగా గోదావరీతీరవాసి యైనవాని మనస్సు రాజమహేంద్రవరమునకు పోకమానదు. మన యిండ్లలోను బాలవితంతువులకు గోడలుండెడివి. ఆ గోడలు ఱాతివి కావు, అంతే భేదము. మఠకన్యయు తల గొఱిగించుకొని ముసుగు వేసికొనెను; మన పూర్వసువాసినియు నట్లే చేసెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. గోవాలో సాంతా మోనికా మఠపు కడపటి మఠకన్య 1885లో మరణించెను. నాలుగేండ్ల యెడమున తూర్పుతీరమున నొక ద్వారము తెఱవబడెను. పడమటితీరమున నొక ద్వారము మూతపడెను. ఈ రెంటికిని కార్యకారణసంబంధము లేదు. ఒక్కతరములోనే రెండును జరిగినవని మాత్రము మనము జ్ఞప్తియం దుంచుకొందము.

ఆ ద్వారము మూతపడిన విధము చెప్పదగినది. 1834లో పోర్చుగల్లు దేశపు ప్రభుత్వము సన్న్యాసిసంఘముల నన్నిటిని రద్దుచేసెను. పురుషులు మఠములు విడిచి పోవలసివచ్చెను. స్త్రీలను వెడలగొట్టలేదు గాని, క్రొత్తవారిని చేర్చుకొనరాదని శాసించిరి. అనగా నున్నవా రున్నంతకాల ముండవచ్చును. కడపటిది కన్నుమూసిన దినమున మఠము సర్కారువారిది. అర్ధశతాబ్దముపాటు ఒకరి వెనుక నొకరు గతింపగా మిగిలినవారి స్థితి యెట్లుండునో యూహించుకొనుడు. నూర్గురు పాడిన ప్రార్థనాశాలలో పదిమంది, పదిమంది భుజించిన చోట నిద్దఱు, చివర కొక్కతె! అప్పటికి పట్టణమంతయు నిట్లే యైయుండెను. వ్యాధులచే జనులు పాతగోవాను విడిచిపోయిరి. 1843లో రాజధానియు పణజికి మాఱెను.

ఆ స్త్రీల దినచర్య నుండి మనకు మిగిలినవి కొన్ని కుట్టుపనులు, కొన్ని వంటకములు. గోవాలో బెబింకా యను పొరలుపొరలుగా కాల్చు తీపివంటకము ప్రసిద్ధము. దానిని మొదట చేసినది యీ మఠపు బెబియానా యను మఠకన్యయని జనశ్రుతి. మొదట నేడు పొరలే వేయగా, రుచిచూచిన గురువు చాల చిన్నదిగా నున్నదనెనట. ఆమె పొరలు పెంచెనట. కథ నిజమగుగాక, కాకపోవుగాక, దానిలో నొక స్త్రీ పేరున్నది. మఠచరిత్రములో పీఠాధిపతుల పేళ్లు శాసనములవలన తెలియుచుండగా, మఠకన్య పేరు జనుల నోట నిలిచినది వంటకమువలన!

మఠము సర్కారుపరమైన పిదప సైనికుల బస యయ్యెను. 1961 డిసెంబరులో గోవా భారతదేశమున చేరెను. 1964లో మఠకన్యల వేదాంతవిద్యకై యచ్చట మాతెర్ దేయి విద్యాసంస్థ స్థాపింపబడెను. స్త్రీలు మరల నా ప్రాంగణమున నడువసాగిరి, ఈసారి చదువుకొనుటకై. క్రైస్తవకళా ప్రదర్శనశాల మొదట 1994లో దక్షిణగోవాలోని రాషోలు గురువిద్యాలయమున నెలకొల్పబడి, 2002లో నీ మఠమునకు తరలింపబడెను. లిస్బను నగరపు గుల్బెంకియను ధర్మసంస్థయు, మన దేశపు ఇన్‌టాక్ సంస్థయు దీనికి తోడ్పడినవి. మరమ్మతు లన్నియు చేసి, వస్తువులను క్రొత్తపద్ధతిని అమర్చి, 2022లో మరల తెఱచిరి. కొయ్య, వెండి, దంతము, వస్త్రము, చిత్రపటము మొదలగువానితో చేసిన వస్తువు లందున్నవి. వానిలో ననేకము గోవా యాలయములనుండియు, ఇండ్లనుండియు వచ్చినవి.

వానిలో మమ్ము చాలసేపు నిలిపినది యొక వెండిమందసము. దివ్యసత్ప్రసాదము నుంచుటకై 17వ శతాబ్దమున చేసినది. గోళాకారముగా నుండి, దానిపై నొక పక్షి తన ఱొమ్మును ముక్కుతో చీల్చుకొని పిల్లలకు రక్త మొసగుచున్నట్లు మలచిరి. పెలికను పక్షి యట్లు చేయునని ప్రాచీన యూరోపీయులు నమ్మి, దానిని లోకమునకై రక్తము చిందించిన క్రీస్తునకు చిహ్నముగా గ్రహించిరి. ఆ పక్షి మనకు క్రొత్తది కాదు. కొల్లేటి చెఱువున జనులు చూచు గూడబాతే యది. ఆ భావమును మనకు క్రొత్తది కాదు. పావురమునకై తొడకోసి యిచ్చిన శిబిచక్రవర్తి కథ మన పిల్లలకును తెలియును. ఆ వెండిని సాగగొట్టి, ఈకకు ఈక తీర్చిన పనివాడు దేశీయుడు కాడని చూచినవా రెవరును ననజాలరు. ఆ యాకులును, తీగెలును, మలుపులును మన దేవళముల తలుపులమీద కానవచ్చునవే.

ఆ పనివా డే మతమువాడు? ఇచ్చటనే చరిత్ర ముడిపడినది. పోర్చుగీసువారి యేలుబడిలో మతస్వేచ్ఛ యుండెనని చెప్పుట కల్ల. 1540లో గోవా ద్వీపమునందలి దేవాలయములను పడగొట్టిరి. 1567లో సాష్టి ప్రాంతమున నదియే చేసిరి. మంగేశుని, శాంతాదుర్గను భక్తులు నది దాటించి ఫోండాసీమకు కొనిపోయి దాచుకొనిరి. 1560లో వచ్చిన మతవిచారణసభ నడుమ నాలుగేండ్లు తప్ప 1812 వఱకు జనులను బాధించెను. ఈ విషయమును మఱుగుపఱచి యా కళను పొగడుట న్యాయము కాదు. అదే కాలమున క్రైస్తవేతరులచే ప్రతిమలనుగాని, సిలువలనుగాని, పానపాత్రలనుగాని చేయింపరాదని 1567 నాటి గోవా ప్రాంతీయసభ నిషేధించెను. నిషేధము లుండుటయే, దానికి ముందు హిందూశిల్పులు ఆ పని చేయుచుండిరనుటకు సాక్ష్యము. పిమ్మటను పని యాగలేదు. ఏలయన యాలయములు పెక్కు, పనితెలిసిన విదేశీయులు కొద్దిమంది. ఒకచేత దేవళమును పడగొట్టించి, రెండవచేత నా దేవళపు పనివానిని పిలిపించుకొనవలసి వచ్చెను. జయించినవాని కిట్టి యక్కఱ యెన్నడును తప్పదు.

ఈ పనివారిలో నొకని పేరు దక్కినది. రౌలు చాతిమ్ అను గోవా స్వర్ణకారుడు 1518 ప్రాంతమున లిస్బనుకు పోయి రాజుగారికి నగలు చేసెను. కాని శవపేటికలు, మందసములు, సిలువలు చేసిన వందలమందిలో నెవరి పేరును సామాన్యజనుల కెఱుక లేదు. బొం జెజూసు ఆలయమున సేంట్ ఫ్రాన్సిసు జేవియరు భౌతికకాయమునకై 1636, 1637 సంవత్సరములలో చేసిన వెండిపేటికను ప్రతివత్సరము లక్షలమంది చూచుచున్నారు. గోవా వెండిపనివారు చేసిరని చెప్పుదురు, ఎవరని చెప్పరు.

దంతపు పనియు నట్టిదే. తూర్పు ఆఫ్రికానుండి గోవాకు దంతము వచ్చుచుండెను. దానితో నచ్చటి శిల్పులు చెక్కిన బాలయేసు ప్రతిమలు నేడు ప్రపంచమున పెక్కు ప్రదర్శనశాలలలో నున్నవి. అందొక విధమున, కాపరి బాలుడు ఱాళ్లగుట్టపై కూర్చుండి, భుజముమీద గొఱ్ఱెపిల్లతో, చెంపకు చేయి యానించి కనులు మూసికొనియుండును. క్రింద జలధార, నీరు త్రాగు గొఱ్ఱెలు, గుహలో పుస్తకము చదువుచున్న మగ్దలేనా మరియ. ఆ మూసిన కన్నులను చూచినవారు ధ్యానబుద్ధుని స్మరింతురు; గుట్టపై కూర్చున్న పసులకాపరిని చూచినవారు బాలకృష్ణుని స్మరింతురు. శిల్పి బుద్ధిపూర్వకముగా కలిపెనో లేదో వాదింప నవసరము లేదు. అతని చేతి కలవాటైన రూపము తనంత తానే దంతమునకు దిగినది. మనుష్యుని మతమును మార్పవచ్చును. చేతి యలవాటును మార్చుట దుర్ఘటము.

ఇట్టి వస్తువులను ప్రదర్శనశాలలో నుంచుటనుగూర్చి రెండు పక్షములవా రాక్షేపింతురు. పూజావస్తువును అద్దాల పెట్టెలో బెట్టి, టిక్కెట్టు కొనినవారికి చూపుట దైవద్రోహమని భక్తులు కొంద రందురు. దేశమును బాధించినవారి సొమ్మును కాపాడుటకు మన ధనము నేల వెచ్చింపవలెనని దేశాభిమానులు కొంద రందురు. మొదటివారికి మా సమాధానము: పూజలో నున్నదానిని పూజనుండి తీయుమని యెవరును చెప్పరు. వాడుకనుండి తప్పి, గదిమూలల చెదలు తినుచున్నదానిని, కరగింపబడనున్నదానిని, సంతలో నమ్ముడుపోవుదానిని కాపాడుటయే ప్రదర్శనశాల పని. రెండవవారికి మా సమాధానము: చేయించినవాడు పరాయివాడు కావచ్చును; చేసినవాడు మనవాడు. గోడకట్టించినవా డగ్రపీఠాధిపతి, గోడలోపల కూర్చుండి పూజావస్త్రములకు జరీతో పూలు కుట్టినది స్త్రీ. ఆ వస్తువు నశించినచో నశించునది వారి కష్టముయొక్క సాక్ష్యమే గాని, ప్రభువుల కీర్తి కాదు. ప్రభువుల కీర్తి గ్రంథములలో భద్రముగనే యున్నది.

ఇక మన యాంధ్రదేశమునకు వత్తము. ఇచ్చట క్రైస్తవమతము వేఱుదారిని వచ్చినది. ఇక్కడి సంఘములలో నెక్కువభాగము ప్రొటెస్టెంటులవి. ప్రతిమలయందు వారి కాదరము తక్కువ. అందుచే మన క్రైస్తవుల కళ యేమున్నదని పెదవి విఱుచువారు కలరు. అది సరిగాదు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమున సాలిస్‌బరీ యను చిత్రకారుని రంగుటద్దముల కిటికీలు మూడున్నవి. డోర్నకలులో బిషపు అజరయ్యగారు కట్టించి 1939లో ప్రతిష్ఠింపజేసిన దేవాలయమున హిందూదేవళముల స్తంభములును, మసీదుల గుమ్మటములును క్రైస్తవప్రార్థనకు చోటిచ్చినవి. విజయవాడలో పులిదిండి సాలమోనురాజుగారు బాతిక్ వస్త్రములమీదను, కొయ్యదిమ్మెలతోను సువార్తకథలను తెలుగుపల్లె రూపములతో చిత్రించిరి.

వీనికంటె మాకు దగ్గఱనున్నది, అందఱు మఱచినది, నరసాపురపు లేసు. 19వ శతాబ్దమున క్రైస్తవమిషనరీల యింటి స్త్రీలు మన డెల్టాలో పేదస్త్రీలకు కొక్కెపుసూదితో దారమల్లుట నేర్పిరి. మొదట క్రైస్తవస్త్రీలు, పిదప వ్యవసాయకుటుంబముల స్త్రీలు నేర్చుకొనిరి. బల్లగుడ్డలు, వేదికవస్త్రములు, అంచులు ఓడలెక్కి సీమకు పోయినవి. 1982లో మరియా మీసు అను జర్మను విదుషి యీ లేసుపనివారినిగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందామె చూపిన దేమనగా, ఈ స్త్రీలు గంటలకొలది యల్లుచున్నను, వారిని కూలివారని గాని పనివారని గాని యెవరును లెక్కింపలేదు. గృహిణులనిరి, వారి పని తీరికవేళల కాలక్షేపమనిరి. లాభము బేరగాండ్రకు, ఎగుమతిదారులకు పోయెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళికచిహ్నము లభించెను. ఊరి పేరు నిలిచినది; సంతోషమే. అల్లినవారి పేళ్లో? సాంతా మోనికా గోడలకును, మన పెంకుటిండ్ల యరుగులకును నడుమ నిచ్చట పోలిక మరల కానవచ్చుచున్నది.

మే మెఱిగిన యొక సంగతి చెప్పెదము. డెల్టాలో నొక పల్లెయందు పాత ప్రార్థనామందిరమును పడగొట్టి క్రొత్తది కట్టిరి. క్రొత్తది విశాలముగను, ధవళముగను నున్నది, తప్పు పట్టము. కాని పాతదానిలోని టేకుకొయ్య వాక్యపీఠము పాతసామానుల దుకాణమునకు పోయెను. చేవ్రాత కీర్తనల పుస్తకములు చిత్తుకాగితములయ్యెను. వేదికపై పఱచెడి లేసుగుడ్డ యొకటి, నాలుగుతరములవారు చూచినది, సున్నము తుడుచు గుడ్డయైనది. దానిని చూచి యొక వృద్ధురాలు ‘అది మా యత్త యల్లినది’ అని మెల్లగా ననెను. అడిగినవా రెవరును లేకపోయిరి. మేమడుగునప్పటికి గుడ్డ చినిగినది. ఆమె చెప్పిన పేరు మాత్రము మేము వ్రాసికొంటిమి.

గోవాలోవలె మనము వెంటనే పెద్దశాలను కట్టవలెనని మేము కోరుట లేదు. ప్రతి సంఘమువారును, ప్రతి దేవాలయమువారును నొక పుస్తక ముంచుకొనుటకు ఖర్చెంత? వస్తువు పేరు, అది వచ్చిన కాలము, ఇచ్చినవారి పేరు వ్రాయుదురుగాక. కాని యన్నిటికంటె ముందు చేసినవారి పేరు వ్రాయవలెను. ఒక ఛాయాపటము తీసి దాని ప్రక్క నంటింపవలెను. వాడుక తప్పినదానిని పాఱవేయక యొక పెట్టెలో నుంచవలెను. ఇట్టి పెట్టెలు పది చేరిననాడు రాజమహేంద్రవరముననో, నరసాపురముననో నొక గది దొరకకపోదు. ఇది క్రైస్తవులకు మాత్రమే చెప్పుమాట కాదు. మన దేవళములలో వాహనములకు రంగులు దిద్దినవారు, రథమునకు కొయ్యచెక్కినవారు, ఉత్సవవిగ్రహములకు పట్టుబట్టలు నేసినవారు నేటికిని నున్నారు. వారి పేళ్లును నే పుస్తకమునను లేవు.

కోరుకొండ శిల్పుల నిక మన మడుగలేము. మఠకన్యలు పోయి శతాబ్దమునకు పైబడినది. లేసల్లిన ముదుసళ్లు మాత్ర మింకను నరుగులమీద కూర్చుండియున్నారు. చూపు తగ్గినను వారికి జ్ఞాపకము తగ్గలేదు. ఆలసింపక పోయి యడుగుడు, చెప్పినది వ్రాసికొనుడు.